సంతకం పెట్టని బీడీ కార్డు

నన్ను లింకులు అడుగకుండ్రి.

"అక్కా, కోడింగ్ నేర్చుకునేటందుకు మంచి రిసోర్స్ ఏదన్న ఉంటె పంపవా" అని వారానికి నలుగురన్న మెసేజ్ పెడ్తరు. అడిగెటోళ్ల మీద నాకు కోపం లేదు. నేను గూడ గట్లనే అడిగిన. తెలిసినోళ్లను, తెల్వనోళ్లను, సిగ్గు శరం లేకుంట అందరిని అడిగిన. నా కోపమల్ల ఆ మాట మీదనే. లింకు ఒస్తె సదువు ఒచ్చినట్టేనా? ఖాళీ సంచి కొనుక్కస్తె అండ్ల బియ్యం నిండినట్టేనా? ఎనిమిది నెలలు గట్లనే సంచులు కూడవెట్టి గంగల కలిపిన నేను. అందుకే ముందుగాల నా ముచ్చట ఇనుండ్రి. ఇన్నంక గూడ లింకే కావాల్నంటె మీ ఇష్టం.

మాది బోధన్ పక్కన ఊరు. బాపు ముందుగాల షుగర్ ఫ్యాక్టరీల కూలీ. అది మూతవడ్డంక చెరుకు కొట్టుడు, ట్రాక్టర్లు నింపుడు ఆయన పని. అవ్వ, అంటె మా అమ్మ, బీడీలు చేస్తది. మా దిక్కు ఆడోళ్లల్ల బీడీలు చెయ్యరానోళ్లు తక్కువ. ఒళ్లె చాట, చాటల ఆకు, తంబాకు, కత్తెర, దారం. పొద్దుగాల కూసుంటె పొద్దూకెదాక లేవరు.

బీడీ కార్డు ముచ్చట మీకు తెల్వకపోవచ్చు, చెప్త. కార్ఖాన్ల పేరు రాపిచ్చుకుంటె మన ఫోటో అంటించి కార్డు ఇస్తరు. కార్డుంటె పీఎఫ్ ఉంటది, ముసలితనంల పింఛన్ ఒస్తది. మా ఊళ్లల్ల పెండ్లి సంబంధానికి ఒచ్చినోళ్లు పిల్ల ఏం సదివిందని అడిగె ముందు పిల్లకు కార్డున్నదా అని అడుగుతుండె. ఇప్పటికీ అడిగెటోళ్లున్నరు. అవ్వకు ఆ కార్డంటె భూమి పట్టా ఎట్లనో గట్ల. ఎవ్వలు గుంజుకోరు, ఎండకు ఎండదు, వానకు తడువది.

నిజామాబాద్ల డిగ్రీ అయిపోయినంక దసరాకు ఇంటికాడ కూసుంటె అవ్వ ముచ్చట తీసింది. "సదువు అయిపాయె. ఇగ కార్డు రాపిచ్చుకో."

"నేను రాపిచ్చుకోను. ప్రోగ్రాములు రాసుడు నేర్చుకుంట."

"నేర్చుకుంటె?"

"నౌకరొస్తది."

"ఎన్నడొస్తది?"

అవ్వ అటూ ఇటూ సూసి, "మల్లొచ్చె దసరా దాకా సూస్త. అటెన్క కార్డు మీద సంతకం. మాటేనా?" అన్నది. నేను మాటే అన్న. సంవత్సరమంటె శాన ఉన్నదనుకున్న.

అవ్వ సంగతి నాకు అప్పటికింక పూర్తిగ ఎరుక లేదు. వారం తిరగకముందే బోధన్ల ఫోటో స్టూడియోకు తోల్కపోయి కార్డు కోసమని ఎనిమిది ఫోటోలు దింపిచ్చింది. "గడువు ఇస్తివి గద, ఇప్పుడే ఎందుకే?" అంటె, "నువ్వు నేర్చుకున్నా దసరా ఒస్తది, నేర్చుకోకున్నా ఒస్తది" అన్నది. ఫోటోగ్రాఫరు "జెర నవ్వమ్మా" అన్నడు. నేనెందుకు నవ్వుత? కనుబొమ్మలు దగ్గరికి చేసి, కెమెరాను కరుస్తా అన్నట్టు సూసిన. గట్లనే పడ్డది ఫోటో. ఆ ఫోటోలను అవ్వ కవరు తోని సహా రేకు డబ్బల పెట్టింది. అండ్ల ఆమె కార్డు, రేషన్ కార్డు, బాపు ఫ్యాక్టరీ కాయిదాలు ఉంటయి. దాన్ని మేమెవ్వలం ముట్టుకోము.

ఇగ నా సదువు సూడుండ్రి. నిజామాబాద్ బస్టాండు దిక్కు రెండో అంతస్తుల ఒక ఇన్‌స్టిట్యూట్ల చేరిన. ఆరు కంప్యూటర్లు, ముప్పై మంది పిల్లలు. ఒక్కొక్కలకు అర్ధగంట. మిగిలిన టైమంత సార్ రాసిచ్చిన నోట్సు జిరాక్సు ముందట పెట్టుకోని సూసి రాసుడు. సార్ మంచోడే, ఆయన చేతిరాత ముత్యాల తీరు ఉండేది. ఆయనకు గూడ ఎవలో గట్లనే చెప్పిండ్రు, మాకు ఆయన గట్లనే చెప్పిండు. పొద్దుగాల బస్సెక్కి, దారి పొడుగూత ఒళ్లె నోట్సు పెట్టుకోని కండ్లు మూసి అప్పజెప్పుకుంట పోయేదాన్ని. పక్క సీటు ముసలామె ఒకనాడు "ఏం మంత్రం బిడ్డా అది, నడుము నొప్పికి పనిచేస్తదా" అని అడిగింది.

ఇంక ఫోన్ల సంగతి. ఇంగ్లీషు వీడియోలు పెడితె ఇన్నట్టే ఉంటది, అర్థమైనట్టే ఉంటది, బంద్ చేస్తె ఏమి ఉండది. తెలుగుల పెడితె "సింపుల్‌గా చెప్పాలంటే" అని మొదలువెట్టి, అర్ధగంట దాకా సింపుల్‌గ ఏమి చెప్పక, ఆఖరికి గంట గుర్తు నొక్కుమంటరు. గ్రూపులల్ల ఒక్కొక్కడు పుస్తకాల మూటలు పంపుతుండె. వంద పుస్తకాలు, రెండు వందల పుస్తకాలు. నేను ఒక్కటి ఇడువలేదు, అన్ని దింపుకున్న. మెమొరీ కార్డు నిండితె ఇంకో కార్డు కొన్న. అంగట్ల అన్ని ఉన్నయి గని అల్లుని నోట్ల శని అన్నట్టాయె నా బతుకు. ఒక్క పుస్తకం పదో పేజీ దాటలేదు.

చలికాలంల బోధన్ల కంప్యూటర్లు బాగుచేసే చాచ దగ్గర పాత లాప్‌టాప్ కొనుక్కున్న. "ఫస్ట్ క్లాస్ మాల్ బేటీ, ఒక్క బటన్ పనిచెయ్యది, అంతే" అన్నడు. ఏ బటన్ అంటె ఎవ్వలు వాడని బటన్ అన్నడు. ఇంటికొచ్చి సూస్తె ఫ్లవర్ బ్రాకెట్ బటన్! నేను నేర్చుకునే భాషల ఫ్లవర్ బ్రాకెట్ లేకుంట ఒక్క ప్రోగ్రాం తెరుసుకోది, ఒక్కటి మూసుకోది. మల్ల పోయి లొల్లి పెట్టుకున్న. చాచ తలకాయ గోక్కోని, "నా దగ్గరికి ఒచ్చెటోళ్లల్ల దాన్ని వాడెటామెవు నువ్వొక్కదానివే" అన్నడు. ఎక్కడనన్న ఉన్న బ్రాకెట్‌ను కాపీ కొట్టి అతికిచ్చుకుంట ఆ లాప్‌టాప్ మీదనే నడిపిచ్చిన.

వానలు మొదలైనప్పుడు హైదరాబాద్ల ఒక సిన్న కంపెనీ నుంచి వీడియో ఇంటర్వ్యూ ఒచ్చింది. నేను లోపటి అర్రల లాప్‌టాప్ ముందట. బయట వరండాల అవ్వ, వాడకట్టు ఆడోళ్లు చాటలు పెట్టుకోని కూసున్నరు. నా గొంతు ఇనపడంగనే వాళ్ల మాటలు బంద్ అయినయి. కత్తెరలు గూడ ఆగినయి.

కంపెనీ సార్ తెలుగాయననే. పిల్లల మార్కులిస్తె తక్కువ నుంచి ఎక్కువ దాకా వరుసగ పెట్టె ప్రోగ్రాం రాయుమన్నడు. నాకు పాణం లేసొచ్చింది. నోట్సుల అది పన్నెండో పేజీ! దడదడ కొట్టిన. ఊపిరి తీసుకోలేదు. కొట్టుడు అయినంక ఆయన అడిగిండు.

"ఆఖర్ల ఆ లైను ఏందమ్మా? పీ.టీ.ఓ. అని ఉన్నది?"

"అది గూడ ప్రోగ్రామే సార్" అన్న.

మీరు నవ్వుండ్రి. నేను ఇప్పటికీ నవ్వలేను. సార్ రాసిన నోట్సుల ప్రతి పేజీ కింద పీ.టీ.ఓ. అని ఉంటది, పేజీ తిప్పుమని. మా బ్యాచ్ ముప్పై మందిమి దాన్ని ప్రోగ్రాం తోని సహా బట్టీ పట్టినం. ఇన్‌స్టిట్యూట్ల అది ఎర్రగ తప్పు సూపిచ్చేలోపే అర్ధగంట అయిపోయి ఎన్కొచ్చెటోడు లేపుతుండె. ఇంటికాడ నా లాప్‌టాప్ తప్పు సూపిచ్చిందంటె, చాచ అమ్మింది పాత మాల్ గద, దాని తప్పే అనుకున్న.

ఆయన నవ్వలేదు, మంచోడు. "అది తీసెయ్యి. ఇప్పుడు ఎక్కువ నుంచి తక్కువకు పెట్టు సూద్దాం" అన్నడు.

నా చేతులు ఆగినయి. పన్నెండో పేజీ అయిపోయింది, పదమూడుల ఇంకేదో ఉన్నది. ఆఖరికి నా నోట్లకెళ్లి ఒచ్చిన మాట ఇది: "అది మా నోట్సుల లేదు సార్."

ఇంకొన్ని రోజులు నేర్చుకోని మల్ల రమ్మని ఆయన నెమ్మదిగ చెప్పి పెట్టేసిండు. బయట కత్తెరల సప్పుడు మల్ల మొదలైంది. తెల్లారి వాడకట్టంత "ఏమైందే నీ నౌకరి" అని అడిగినోళ్లే. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఒకామె నా ముంగటనే అన్నది. అవ్వ ఒక్క మాట అనలేదు. అంటె బాగుండు, తిరిగి కొట్లాడేదాన్ని. దసరాకు నాలుగు నెలలున్నది.

నేనేం చేసిన్నో తెలుసా? కొత్త నోటుబుక్కు కొన్న. ఎక్కువ నుంచి తక్కువకు పెట్టె ప్రోగ్రాం నెట్ల దొరికిచ్చుకోని, దాన్ని సూసి రాసుడు మొదలువెట్టిన. పదిసార్లు రాస్తె ఒస్తదని. బుద్ధి అంత తొందరగ వస్తదా మరి!

మూడోసారి రాస్తున్నప్పుడు అవ్వ చాట పక్కకు పెట్టి అడిగింది. "ఏందే అది, మొన్న రాసిందే మల్ల రాస్తున్నవ్?"

"నేర్చుకుంటున్న."

"గట్ల సూసి రాస్తె చెయ్యికేం ఎరుకైతది? నీకు బీడీ నేను గట్లనే నేర్పిన్నా?"

నిజమే, గట్ల నేర్పలేదు. మా దిక్కు సిన్న పొల్లకు బీడీ నేర్పుడంటె చేసి సూపిచ్చుడు కాదు. కట్టిన బీడీ ఒకటి చేతుల పెడ్తరు. దాన్ని విప్పాలె. దారం ఎన్ని సుట్లున్నది, ఆకు ఎటు దిక్కు మడిసి ఉన్నది, తంబాకు ఎంత పడ్డది సూస్కుంట విప్పాలె. అదే ఆకుల అదే తంబాకు పెట్టి మల్ల సుట్టాలె. ఆకు చినిగితె తిట్టు తిని ఇంకోటి విప్పాలె. నేను రెండు దినాలు విప్పుడే చేసిన, మూడో దినం నా చేతులకు అదే ఎరుకైంది.

"విప్పు. విప్పి సుట్టు" అన్నది అవ్వ. అని ఊకోలేదు, "అసలు నీకెందుకే ఈ గోస, కార్డు తీసుకోని నిమ్మళంగ కూసో" అని గూడ అన్నది. ఆమె నాకు దారి సూపియ్యాల్నని అన్న మాట కాదది, ఇసుక్కోని అన్నది. నేను మొదటి సగం తీసుకోని రెండో సగం ఇడిసిపెట్టిన.

ఆ దినమే పీ.టీ.ఓ. తీసేసి పన్నెండో పేజీ ప్రోగ్రాం తెరిసిన. మొదటి లైను తీసేసిన, నడిపిచ్చిన. ఎర్రటి అక్షరాలు పడ్డయి. ఇంతకుముందైతె ఎర్రగ కనపడంగనే దడుసుకోని మూసేసేదాన్ని. ఈసారి డిక్షనరీ పక్కకు పెట్టుకోని ఒక్కొక్క మాట సదివిన. ఫలానా లైన్ల ఫలానా పేరు ఎవ్వలో నాకు తెల్వదు అంటున్నది అది. అంతే! ఇన్ని నెలల సంది నేను దడుసుకున్నది గీ మాటకా? కార్ఖాన్ల బీడీలు సూసెటాయన కట్టలకు కట్టలు తీసి అవుతల పారేస్తడు, ఎందుకు పారేసిండో చెప్పడు. అవ్వ అడిగితె కసురుకుంటడు. గీ మిషన్ నయం గద. తప్పున్నది అని చెప్పుడే గాక ఏ లైన్లనో గూడ చెప్తున్నది. తీసిన లైను మల్ల పెట్టి, ఇంకోటి తీసిన. గట్ల లైను లైను విప్పుకుంట పోతె నడిమిట్ల ఒక గుర్తు కాడ ఆగిన. ఇది దానికంటె పెద్దదా అని అడిగె గుర్తు అది. దాన్ని మలిపి సిన్నదా అని పెట్టిన. మార్కులన్ని తలకిందులు అయినయి. ఎక్కువ నుంచి తక్కువకు!

ఒక్క గుర్తు. ఆ సార్ అడిగింది గంతే. నాలుగు నోటుబుక్కులు నింపిన నాకు ఆ ఒక్క గుర్తు కనపడలేదు. సంతోషం కాదు, కోపమొచ్చింది. లేసి మెమొరీ కార్డులు రెండు తీసి, అండ్లున్న వందల పుస్తకాలన్ని ఒక్క దెబ్బకు తుడిసేసిన. అవ్వ "ఏమైందే" అని అర్రలకు తొంగిచూసింది. ఏమి కాలే, ఇల్లు ఊడ్సుకుంటున్న అన్న.

అటెన్క నేను పెట్టుకున్నవి రెండే. ఆ భాష తయారుచేసినోళ్లే నెట్ల ఉత్తగ పెట్టిన పుస్తకం ఒకటి. దాన్ని రోజుకు ఒక్క పేజీ, అర్థమయ్యెదాక ఇంకో పేజీ తిప్పుడు లేదు. లెక్కలిచ్చి రాయుమనే సైటు ఒకటి. అండ్ల మనం రాసినంకనే మిగిలినోళ్లు ఎట్ల రాసిండ్రో సూడనిస్తరు. వేరేటోళ్లు రాసింది తీసుకోని విప్పేదాన్ని, సూడకుంట మల్ల సుట్టేదాన్ని. సుట్టరాకపోతె మల్ల విప్పేదాన్ని. మంచి రిసోర్స్ ఏదో గుర్తువట్టుడు ఎట్ల అని అడుగుతరు గద, నా దగ్గర ఒక్కటే పరీక్ష. అది నిన్ను విప్పనిస్తదా లేదా? ఊకె సూడుమంటె అది సినిమా. ఊకె రాసుకొమ్మంటె అది జిరాక్సు. గంతకు మించి నాకు తెల్వది.

బతుకమ్మకు నాలుగు దినాల ముందు ఇంకో కంపెనీ ఇంటర్వ్యూ. ఈసారి గూడ ఆడోళ్లను వరండాలకెళ్లి లేపలేదు, ఇంటె ఇననియ్యి అనుకున్న. ఆ కంపెనీ సార్ రాయుమనలేదు, సెడిపోయిన ప్రోగ్రాం ఒకటి ఇచ్చి తప్పు ఎక్కడున్నదో దొరికిచ్చుమన్నడు. నేను ఒక్కొక్క ముక్క పక్కకు తీసి నడిపిస్తున్న. రెండు నిమిషాలకోసారి ఆయన "అయ్యిందా" అంటున్నడు. "సార్, జెర ఆగుండ్రి. మీరు మాట్లాడితె నాకు ఇనపడ్తలేదు" అన్న. ఏం ఇనపడ్తలేదో నాకే ఎరుక లేదు, నోట్లకెళ్లి ఒచ్చింది. ఆయన ఆగిండు. ఇరువై నిమిషాలకు తప్పు దొరికింది.

"ఏ ఇన్‌స్టిట్యూట్ల నేర్చుకున్నరు మీరు?"

"మా ఇంట్ల సార్. బీడీలు చేసెటోళ్ల పక్కన కూసోని."

ఆయన నవ్విండు. "నవ్వుడెందుకు సార్, నిజమే చెప్తున్న" అన్న. ఫోన్ పెట్టినంక నెత్తి కొట్టుకున్న. నౌకరి ఇచ్చెటోని మీద ఎవలన్న గట్ల ఎగవడ్తరా!

బతుకమ్మ అయిపాయె. దసరా అయిపాయె, జమ్మి ఆకు పంచుకుంటిమి. కబురు లేదు. తెల్లారి పొద్దుగాల అవ్వ రేకు డబ్బ తెరిసి కార్డు ఫారం, నా ఫోటోలు తెచ్చి నా ముంగట పెట్టింది. పెన్ను గూడ పెట్టింది.

"మాటంటె మాట" అన్నది.

నేను చాట తీసుకోని ఒళ్లె పెట్టుకున్న. "చేతులిస్త అవ్వా. నువ్వు చెప్పినన్ని బీడీలు చేస్త. సంతకం మాత్రం పెట్టను."

"మాట తప్పుతున్నవా?"

"తప్పుతున్న. దాని మీద నా పేరు పడ్డదంటె నువ్వు నిమ్మళమైతవు, బాపు నిమ్మళమైతడు, ఊరంత నిమ్మళమైతది. నేను గూడ నిమ్మళమైత అవ్వా. నాకు గదే భయం."

అవ్వ ఫారం తీసుకపోయి డబ్బల పెట్టింది. ఆనాటి సంది నాతోని మాటలు బంద్. "దాన్ని తినుమను", "దాన్ని లేవుమను" అని బాపుకు చెప్తుండె, నేను పక్కనే ఉంటి. పదకొండు దినాలు ఆమె పక్కనే కూసోని బీడీలు చేసిన. వేళ్లు తంబాకు వాసన, పొద్దూకినంక లాప్‌టాప్ బటన్లు గూడ గదే వాసన.

పన్నెండో దినం ఫోన్ ఒచ్చింది. తీసుకుంటున్నమన్నరు, ఇంటికాడినుంచే పని అన్నరు. గుర్తింపు కార్డుకు ఫోటో కావాలె, నవ్వుకుంట దిగినదైతె బాగుంటదని అన్నరు. నవ్వింది లేదు, ఉన్నదే పంపుత అని చెప్పిన. మొదటిసారి ఆ రేకు డబ్బ నేను తెరిసిన. కవర్లకెళ్లి నా ఫోటో తీసుకున్న. దాని కింద అవ్వ బీడీ కార్డు ఉన్నది. అంచులు నలిగి, రంగు పోయి. అంతకుముందు నేను ఎన్నడు దాన్ని తెరిసి సూడలేదు.

రెండు జడలేసుకున్న పొల్ల అండ్ల. కనుబొమ్మలు దగ్గరికి చేసి, కెమెరాను కరుస్తా అన్నట్టు సూస్తున్నది.

కార్డు, నా ఫోటో రెండు పట్టుకోని వరండాలకు పోయిన. అవ్వ చాటల పెట్టిన. ఆమె రెండిటిని పక్కపక్కకు జరిపి సూసింది. పదకొండు దినాలల్ల మొదటిసారి నాతోని మాట్లాడింది.

"తొమ్మిదో తరగతి అప్పుడు. బడి కాడికెళ్లి సీదా ఫోటోకు తోల్కపోయిండ్రు."

"వద్దనలేదా నువ్వు?"

"అన్న." కత్తెర తీసుకోని ఆకు కోసుడు మల్ల మొదలువెట్టింది. "నాకు దసరా దాకా గడువిచ్చెటోళ్లు లేకుండిరి బిడ్డా."